నొయ్యల్ నీళ్ళూ, మన కూలీ



ఈమధ్య ఏ కంపెనీ గేటు చూసినా పచ్చ ఆకు బొమ్మతో 'సుస్థిర అభివృద్ధి' అని బోర్డు కనబడుతున్నది. విదేశీ బయ్యరు వచ్చే రోజున దాని దుమ్ము కూడా తుడుస్తారు. మాట మంచిదే. ఐక్యరాజ్యసమితి వేసిన బ్రంట్‌లాండ్ కమిషన్ 1987లో దానికి చెప్పిన అర్థం ఇది: నేటి అవసరాలు తీరాలి, రేపటి తరం అవసరాలకు లోటు రాకూడదు. ఎంత కరువొచ్చినా విత్తనాల గింజలు వండకూడదని మన అమ్మలు చెప్పింది ఇదే కదా.

తిరుప్పూరులో ఆ గింజలే వండుకు తిన్నారు. మన కోయంబత్తూరు మిల్లుల నూలు అక్కడ బనియన్ అవుతుంది. దానికి రంగు వేసిన నీళ్ళను ఏళ్ళ తరబడి నొయ్యల్ ఏట్లోకి వదిలారు. సాగు కోసం 1992లో కట్టిన ఒరత్తుపాళయం డ్యాము ఆ మురికికి తొట్టి అయింది. బావులు ఉప్పు తేలాయి. రైతులు కోర్టుకెక్కారు. చుక్క మురుగు కూడా బయటికి పోరాదని మద్రాసు హైకోర్టు 2006లో గడువు పెట్టింది, 2009లో సుప్రీంకోర్టు సమర్థించింది. యజమానులు మాత్రం వాయిదాలు లాగుతూ పోయారు. 2011 జనవరి 28న అద్దకం, బ్లీచింగ్ యూనిట్లన్నీ మూసి కరెంటు తీసేయమని హైకోర్టు ఉత్తరువు ఇచ్చింది. ఏడు వందలకు పైగా యూనిట్లు! రంగు లేనిదే కుట్టుపనీ లేదు.

ఆ తీర్పు న్యాయమైనదని ఇవాళ రాస్తున్నాను. ఆ రోజు అనలేదు. యజమానుల వెనక నిలబడి 'గేట్లు తెరవండి' అని నేనూ కేకలు వేశాను. ఒక్క రైతు ఇంటికీ పోలేదు. అది మన తప్పు.

అడగవలసింది వేరే ఉండింది. రైతుల నష్టం లెక్క కట్టడానికి ఒక అథారిటీ ఉండింది. శుద్ధి ప్లాంట్ల కోసం యజమానులకు రాష్ట్ర ప్రభుత్వం 200 కోట్ల వడ్డీలేని అప్పు ప్రకటించింది. మరి బ్లీచ్ నీళ్ళలో ఉత్త కాళ్ళతో నిలబడినవాడికి? మన ఆఫీసుకు వచ్చినవాళ్ళలో చాలామందికి మస్టరులో పేరే లేదు. పేరు లేనివాడు ఏం అడుగుతాడు?

ఇప్పుడు నీళ్ళను ఆర్.ఓ.లో వడకట్టి మళ్ళీ వాడుతున్నారు. మిగిలినదాన్ని మరగబెడితే ఉప్పూ, బురదా మిగులుతాయి. ఆ బురద ఎత్తేది మనవాళ్ళే. ఖర్చు నిజమే, కాదనను. కానీ మొన్న బోనసు చర్చలో ఒక యాజమాన్యం ఆ ఖర్చే చూపి మన శాతం తగ్గించమంది. ఏటిని పాడుచేసి లాభం తిన్నది ఎవరు, బాగుచేసే కూలీ ఎవరి జేబులోంచి?

ఈసారి డిమాండ్ల పత్రంలో మూడు మాటలు కొత్తగా చేర్చాం: ప్లాంటు రిజిస్టరు చూసే హక్కు కార్మిక ప్రతినిధికి ఉండాలి, బురద ఎత్తేవాళ్ళకు గ్లవ్స్, బూట్లు ఇవ్వాలి, కాలుష్యం కారణంగా మూతపడిన రోజులకు కూలీ కట్టాలి. రైతు సంఘం వాళ్ళనూ జనరల్ బాడీకి పిలవాలని నా అభిప్రాయం. కమిటీలో కొందరికి ఇష్టం లేదు. మీరేమంటారో వచ్చి చెప్పండి.