విత్తనపుకాయ మిగులుకాయ కారాదు

మన పెరళ్లలో నొక యలవాటు గలదు. బెండ తొలుత కాచిన లేతకాయలన్నియు కూరకు కోసికొందుము. కంటబడక ముదిరిన కడపటి కాయలను విత్తనమునకు విడుతుము. ఇది పొరపాటని నా యభిప్రాయము.

బఠాణీ మొక్కలను పరీక్షించి, గుణములు తరతరములకు సంక్రమించు నియమములను మెండెలు పండితుడు 1866లో ప్రకటించెను. బెండకును అట్టి నియమములే. అయినను కంటికింపైన గుణమెల్ల సంక్రమింపదు. పెంటకుప్ప ప్రక్క మొక్క యెరువువలన బలియును; ఆ బలిమి దాని విత్తనమునకు రాదు. కావున సమానమైన నేలయు నెరువును గల మడిలో, ముందుగ కాచి, లేతకాయల నెక్కువగ నిచ్చు మొక్కనే యెన్నవలెను. అంగడిలో కొన్న సంకర విత్తనపు మొక్క లిందుకు తగవు. వాని సంతతి యొకేరీతి నుండదు. బెండపువ్వు తన పుప్పొడితోనే కాయగట్టగలదు. కాని తేనెటీగలు ఇతర మొక్కల పరాగమును తెచ్చి కలుపును. అందుచే పూయబోవు మొగ్గకు ముందునాటి సాయంకాలమే కాగితపుసంచి తొడుగవలెను.

ఈ పని చిన్నది కాదు. తెల్లదోమ వ్యాపింపజేయు పల్లాకుతెగులు బెండతోటలను పాడుచేయుచుండగా, ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనసంస్థలో హర్భజన్ సింగుగారు, ఆ తెగులు చిహ్నములు కనబరుపని వంగదేశపు బెండను 'పూసా మఖ్మలీ'తో సంకరపరచి 'పూసా సావనీ'ని సాధించిరి. కాలక్రమమున నదియు తెగులునకు లోబడెను. ఎన్నిక యేటేట జరుగవలసిన పని.

విద్యార్థులారా! మేలైన మొక్కకు ముందే యొక నూలుపోగు కట్టుడు. దాని కాయలు కోయవలదని యింట మనవి చేయుడు. తల్లులారా! నేటి కూరలో నాలుగు కాయలు తగ్గినను, మరుసటేటి తోట ఆ ఋణము తీర్చగలదు.