విద్యుత్ చార్జీలపై విచారణ: వినియోగదారులకు విజ్ఞప్తి

వచ్చే ఏప్రిల్ 1 నుంచి ఇంటికి, కొట్టుకు, రైసు మిల్లుకు కరెంటు ఏ ధరకు రావాలో తేలేది నవంబర్ నెలాఖరుకూ మార్చి నెలాఖరుకూ మధ్యనే. వచ్చే ఏడాది ఎంత విద్యుత్ కొంటారో, ఎంత ఖర్చవుతుందో, అందుకు ఎంత ఆదాయం కావాలో చూపే నివేదికను విద్యుత్ పంపిణీ సంస్థలు (డిస్కంలు) నవంబర్ 30లోగా విద్యుత్ నియంత్రణ మండలికి సమర్పించాలి. ఏఆర్ఆర్ అని అందరూ పిలిచే కాగితాల కట్ట ఇదే. 2003 నాటి విద్యుత్ చట్టంలోని 64వ సెక్షన్ ప్రకారం, ఆ దరఖాస్తు అందిన 120 రోజుల్లోగా, ప్రజల సూచనలు, అభ్యంతరాలు పరిశీలించాకే మండలి చార్జీల ఉత్తర్వు ఇవ్వాలి. ప్రజలకు దక్కేది ఇందులో కొద్ది వారాలు మాత్రమే.

ఆ కొద్ది వారాల్లో కలం పట్టేవారు ఏటా దాదాపు వారే. ఫెర్రో అల్లాయ్స్ పరిశ్రమలు, నూలు మిల్లులు, వాణిజ్య మండలులు, రైతు సంఘాలు, వామపక్షాలు, సెంటర్ ఫర్ పవర్ స్టడీస్ తరఫున ఎం. వేణుగోపాలరావు వంటి పట్టు వదలని కొద్దిమంది. పరిశ్రమలు తమ లెక్క తాము చూసుకుంటాయి. అందుకు లాయర్లున్నారు, ఆడిటర్లున్నారు. కోటికి పైగా ఇళ్ల కనెక్షన్లున్న ఆంధ్రప్రదేశ్‌లో ఇంటి బిల్లు కట్టేవారి తరఫున వచ్చే కాగితాలు మాత్రం మరీ తక్కువ. జనవరిలో నిమ్మకు నీరెత్తినట్టు ఊరుకున్నవారే మేలో బిల్లు చూసి గగ్గోలు పెడతారు. మేలో పెట్టే గగ్గోలుకు చట్టంలో ఏ విలువా లేదు.

రాసి ఒరిగేదేమిటని అడిగేవారికి ఒక్క అంకె చాలు: రూ. 759 కోట్లు. 2014-15 నుంచి 2018-19 దాకా ఐదేళ్ల ఖర్చుల తేడా కింద, ట్రూ-అప్ పేరుతో రూ. 3,669 కోట్లు వసూలు చేసుకోవడానికి ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి (ఏపీఈఆర్‌సీ) 2021 ఆగస్టులో అనుమతిచ్చింది. సెప్టెంబర్ బిల్లులోనే అది దిగింది. రెండుగా విడిపోకముందు దక్షిణ డిస్కం ఉన్న పరిధిలో యూనిట్‌కు రూ. 1.23, తూర్పు డిస్కం పరిధిలో 45 పైసలు, ఎనిమిది నెలలపాటు. అభ్యంతరాలు కోరుతూ పత్రికల్లో ప్రకటన ఇవ్వకుండానే వ్యవహారం నడిచిందన్న ఫిర్యాదు హైకోర్టు దాకా వెళ్లింది. మండలి తన ఉత్తర్వును తానే వెనక్కి తీసుకుంది. వసూలైన సొమ్ము తర్వాతి బిల్లుల్లో సర్దారు. మళ్లీ ప్రకటన వెలువడింది, అభ్యంతరాలు వచ్చాయి, విచారణ జరిగింది. 2022లో వచ్చిన కొత్త ఉత్తర్వులో మొత్తం రూ. 2,910 కోట్లకు దిగింది. ఎనిమిది నెలల్లో పిండుకోవాల్సిన రూ. 1.23 కాస్తా 36 నెలలపాటు 22 పైసలైంది. తూర్పు డిస్కంలో 45 పైసలు పోయి 18 నెలలపాటు 7 పైసలు మిగిలింది. ఐదేళ్లు అవే, ఖాతాలు అవే. రెండు ఉత్తర్వుల నడుమ తేడా రూ. 759 కోట్లు. ఇందులో అభ్యంతరాల వాటా ఎంత, మండలి సొంత పరిశీలన వాటా ఎంత అన్న మీమాంస తీరుబడి ఉన్నవారికి వదిలేయవచ్చు. పత్రికా ప్రకటన లేకుండా వచ్చిన అంకె ఒకటి, ప్రకటన, విచారణ తర్వాత వచ్చినది మరొకటి.

చార్జీలు పెంచేదీ తగ్గించేదీ ముఖ్యమంత్రి అన్న నమ్మకం ఈ ఉదాసీనతకు మూలం. ధర తేల్చే అధికారం చట్టప్రకారం మండలిది. ఏ వర్గానికైనా రాయితీ ఇవ్వాలనుకుంటే, 65వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం ఆ సొమ్ము ముందుగా డిస్కంలకు చెల్లించాలి. వ్యవసాయానికి ఉచిత విద్యుత్ నడిచేది ఈ దారిలోనే. ‘ఈ ఏడాది చార్జీల పెంపు లేదు’ అన్న ప్రకటన వినగానే నిశ్చింతగా పడుకోవడం పెద్ద పొరపాటు. ఆ మాట టారిఫ్ పట్టికకు వర్తిస్తుంది. పట్టిక కదలకుండానే బిల్లు పెరిగే దారులు వేరే ఉన్నాయి.

ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 100 యూనిట్లు వాడే ఇంటి లెక్క చూస్తే సంగతి తెలుస్తుంది. 2022 నాటి శ్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లకు రూ. 1.90 చొప్పున రూ. 57, తర్వాతి 45 యూనిట్లకు రూ. 3 చొప్పున రూ. 135, మిగిలిన 25 యూనిట్లకు రూ. 4.50 చొప్పున రూ. 112.50. వెరసి రూ. 304.50. విచారణలో ఖరారైన ధర ఇదీ. దీని కింద ఇంధన, విద్యుత్ కొనుగోలు ఖర్చు సర్దుబాటు అనే వరుస ఉంటుంది. 2022 డిసెంబర్ 29న కేంద్రం సవరించిన నిబంధనలతో ఈ సర్దుబాటు నెలనెలా దానంతటదే వసూలయ్యే ఏర్పాటు వచ్చింది. ఏపీఈఆర్‌సీ దానికి యూనిట్‌కు 40 పైసల పరిమితి పెట్టింది. అంటే 100 యూనిట్లకు రూ. 40, అసలు చార్జీలో ఎనిమిదో వంతుకు పైనే. నెలనెలా పడే ఈ వడ్డనకు ముందస్తు విచారణ ఉండదు. ఏడాది ముగిశాక డిస్కంలు వేసే తుది లెక్కల పిటిషన్ మీదే విచారణ.

ఆ తుది లెక్కలు చిన్నవేం కావు. 2022-23కు రూ. 6,072 కోట్లు, 2023-24కు రూ. 9,412 కోట్లు. ఈ రెండింటి వసూలూ 2024 డిసెంబర్‌లో మొదలైంది, మొదటిది 15 నెలలకు, రెండోది 24 నెలలకు. డిస్కంలు అడిగింది ఇంతకంటే ఎక్కువే. మొదటి ఏడాదికి రూ. 8,000 కోట్ల పైన, రెండో ఏడాదికి రూ. 11,800 కోట్ల పైన అడిగితే మండలి కోత పెట్టి ఆమోదించింది. 2024-25 సంగతి మరీ తమాషా. 40 పైసల కింద అప్పటికే రూ. 2,787 కోట్లు వసూలయ్యాయి. పరిశీలిస్తే న్యాయంగా రావలసింది దాదాపు రూ. 1,864 కోట్లే అని తేలింది. అదనంగా తీసుకున్న రూ. 923 కోట్లను 2025 నవంబర్ నుంచి యూనిట్‌కు 13 పైసల చొప్పున తిరిగి ఇవ్వాలని మండలి ఆదేశించింది. వినియోగదారుల చేతి నుంచి ముందే వెళ్లిపోయిన సొమ్ము అది.

ట్రూ-అప్‌లో ఇంకో అన్యాయం ఉంది. బాకీ పడేది సర్వీసు నంబరు మీద. నాలుగేళ్ల కిందటి ఖర్చు తేడా ఇప్పుడు బిల్లులోకి వస్తే, అప్పుడు ఆ వాటాలో అద్దెకున్నవారు ఎక్కడికో వెళ్లిపోయి ఉంటారు, కొత్తగా దిగినవారు కడతారు. ఇంటివారితో తగువు పడేవారే తప్ప ఈ మాట కాగితం మీద పెట్టి మండలికి పంపేవారు అరుదు.

ఏఆర్ఆర్ చదవడం నిపుణుల పని అన్న సాకు కూడా చెల్లదు. అందులో సింహభాగం విద్యుత్ కొనుగోలు ఖర్చు. ఏ ప్లాంటు నుంచి ఎన్ని యూనిట్లు, యూనిట్ ఎంత, తీసుకోని కరెంటుకు స్థిర చార్జీ ఎంత కడుతున్నారు, సాయంత్రం వేళ విద్యుత్ ఎక్స్ఛేంజీలో ఎంతకు కొంటున్నారు అన్నవి పట్టికల్లోనే ఉంటాయి. పక్కన పాత ఏడాది అంకె పెట్టుకుంటే ప్రశ్న దానంతటదే పుడుతుంది. కొనుగోలు ఒప్పందాల పిటిషన్ల మీద మరింత కన్నేసి ఉంచాలి. వాటిలో చాలావాటి కాలపరిమితి 25 ఏళ్లు. ఒకసారి ఆమోదం పడితే పిల్లల బిల్లుల్లో కూడా అదే ధర నడుస్తుంది.

పట్టికల్లో ఉండని సమాచారం కొంత ఉంది. అది ప్రజల దగ్గర తప్ప ఎవరి దగ్గరా దొరకదు. పల్లెలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే 48 గంటల్లో, పట్టణంలో అయితే 24 గంటల్లో మార్చాలని మండలి పెట్టిన సేవా ప్రమాణం చెబుతుంది. ఎండుతున్న చేను పక్కన నిలబడిన రైతులు ఆ 48 గంటలు లెక్కపెట్టుకుంటూ కూర్చోరు. చందాలు వేసుకుని, ట్రాక్టర్ మాట్లాడుకుని, కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను తామే దించి, మరమ్మతు కేంద్రానికి తీసుకెళ్లి, బాగైనదాన్ని తెచ్చుకుంటారు. నిర్వహణ ఖర్చు పేరిట డిస్కం కూడా మండలి ముందు లెక్క పెడుతుంది. రైతులు భరించిన రవాణా ఖర్చు ఆ లెక్కలో ఉందా లేదా అని అడగగలిగేది ట్రాక్టర్‌కు డబ్బు కట్టినవారే. తేదీ, ఊరు, ట్రాన్స్‌ఫార్మర్ నంబరు, కట్టిన కిరాయి నాలుగు వరుసల్లో రాసి పంపితే డిస్కం దానికి లిఖితపూర్వకంగా జవాబు చెప్పుకోవాలి. రచ్చబండ మీద వంద సార్లు చెప్పినా ఆ అవసరం డిస్కంకు రాదు.

తెలంగాణలోనూ విచారణ ఊరికే పోలేదు. నెలకు 300 యూనిట్లు దాటిన ఇళ్లకు కిలోవాట్‌కు రూ. 10 ఉన్న స్థిర చార్జీని రూ. 50 చేయాలని డిస్కంలు ప్రతిపాదించాయి. విచారణలయ్యాక 2024 అక్టోబర్ 28న అక్కడి మండలి దాన్ని తోసిపుచ్చింది.

రాబోయేవి ఇంతకంటే బరువైన నిర్ణయాలు. కేంద్ర విద్యుత్ శాఖ 2025 అక్టోబర్ 9న విద్యుత్ సవరణ బిల్లు ముసాయిదాను బయటపెట్టి, అభిప్రాయాలకు 30 రోజుల గడువిచ్చింది. ఖర్చుకు తగ్గ ధర ఉండాలని, తయారీ పరిశ్రమలు, రైల్వేలు, మెట్రోలు ఇతర వర్గాల కోసం మోస్తున్న అదనపు భారం (క్రాస్ సబ్సిడీ) ఐదేళ్లలో పోవాలని, ఒకే వైర్ల మీద ఒకటికి మించి పంపిణీ సంస్థలు సరఫరా చేయవచ్చని అందులో ఉంది. ఆ క్రాస్ సబ్సిడీ పోతే లోటును ఇళ్లైనా మోయాలి, రాష్ట్ర ఖజానా అయినా మోయాలి. మూడో దారి లేదు. వేళను బట్టి ధర మారే పద్ధతిని 2023లోనే కేంద్రం నిబంధనల్లో చేర్చింది. పగలు ఎండ ఉన్నప్పుడు చౌక, సాయంత్రం ప్రియం. పగలు తాళం వేసి పనికి వెళ్లి, చీకటి పడ్డాక వంట, ఫ్యాను, టీవీ నడుపుకునే కుటుంబానికి ఇది ఏ రకంగా మేలు చేస్తుందో పాలకులు చెప్పాలి. స్మార్ట్ మీటరు వచ్చాక అడిగే ప్రశ్న కాదు ఇది.

2000 ఆగస్టు 28న చార్జీల పెంపుకు వ్యతిరేకంగా సాగిన ప్రదర్శన మీద హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగి ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. ఇప్పుడు అదే మాట చెప్పుకోవడానికి కుర్చీ, మైకు, వంతు అన్నీ చట్టమే ఇస్తుంటే తీరిక లేదనడం సిగ్గుచేటు.

చేయవలసిన పని పెద్దదేమీ కాదు. పత్రికల్లో ప్రకటన పడ్డాక ఏఆర్ఆర్ మండలి వెబ్‌సైట్‌లోనూ డిస్కం వెబ్‌సైట్‌లోనూ ఉంటుంది. తెలుగులో రాసినా చెల్లుతుంది. పేరు, చిరునామా, సర్వీసు నంబరు, ఏ అంశం మీద అభ్యంతరమో, ఎందుకో రాసి ఒక ప్రతి డిస్కంకు, ఒకటి మండలి కార్యదర్శికి గడువులోగా చేర్చాలి. విచారణలో మాట్లాడదలిస్తే ఆ సంగతి కాగితంలోనే తెలపాలి. ఆంధ్రప్రదేశ్‌లో విచారణ జరిగే నగరానికి వెళ్లలేనివారికి విద్యుత్ సర్కిల్ కార్యాలయాల నుంచి వీడియో ద్వారా మాట్లాడే వీలు కల్పిస్తున్నారు. అచ్చు వేసిన ఒకే నమూనా మీద వెయ్యి సంతకాలు పెట్టించడం కన్నా, ఒక అపార్ట్‌మెంట్ సంఘమో, ఒక డ్వాక్రా సంఘమో, ఒక ఆయకట్టు రైతులో తమ బిల్లుల నకళ్లు జతచేసి రాసిన ఒక్క పేజీకి బలం ఎక్కువ. తుది ఉత్తర్వులో అభ్యంతరాలు, డిస్కంల జవాబులు, వాటిపై మండలి అభిప్రాయం నమోదవుతాయి. ఆ ఉత్తర్వు సబబుగా లేదనుకుంటే 45 రోజుల్లోగా ఢిల్లీలోని విద్యుత్ అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. అక్కడ వాదించడానికి ఆధారం కావాలంటే ఇక్కడి రికార్డులో ముందే మాట ఉండాలి. రూ. 759 కోట్ల తేడా తెచ్చిన విచారణ లాంటిదే మళ్లీ జరగబోతోంది. ప్రకటన కోసం డిసెంబర్ నెలంతా పత్రిక లోపలి పేజీలు తిరగేయాలి. మొదటి పేజీలో అది పడదు.

మీటరు రీడింగ్ తప్పు, సరఫరా అంతరాయం వంటి సొంత సమస్యలకు ఈ విచారణ వేదిక కాదు. వాటికి ముందుగా 1912 నంబరు, తర్వాత డిస్కంలోని వినియోగదారుల సమస్యల పరిష్కార వేదిక, అక్కడా తీరకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు.