మార్కులు తక్కువైతే మనిషి తక్కువా?

సూర్యాపేట మార్కెట్ యార్డుకు వడ్లొస్తాయి. మిర్యాలగూడ మిల్లుల్లో వడ్లు బియ్యమై లారీలెక్కుతాయి. ఆ లారీల్లో కొన్ని కోదాడ దాటి హైవే మీద ఆంధ్రకు పోతాయి. ఈ దారి పొడుగునా బస్తా ఎత్తేదెవరు, దించేదెవరు? మన వాడలోళ్లు, మనలాంటి శ్రమకులాలోళ్లు. మరి కాంటా పక్కన కుర్చీ వేసుకొని లెక్క రాసేదెవరు? ధర కట్టేదెవరు? మిల్లు ఎవరిది? మేము చెప్పనక్కరలేదు, మీకే తెలుసు. తరతరాలుగా బరువు మనది, లెక్క వాళ్లది.

ఈ మాట ఎందుకు ఎత్తుతున్నామంటే, ఈ మూడు పట్టణాల్లో ఏ మీటింగుకు పోయినా డిగ్రీ చదివిన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఒకటే ప్రశ్న అడుగుతున్నారు. "అన్నా, ఎంబీఏ చెయ్యాలనుంది. కానీ పదిలో అత్తెసరు మార్కులు. ఇంటర్ల ఒక సబ్జెక్టు పోయి సప్లిమెంటరీల గట్టెక్కిన. డిగ్రీల నలభై ఏడు శాతం. నా అసొంటోనికి సీటెవరిస్తరు?"

ప్రశ్న మంచిదే. కానీ అడిగేటప్పుడు తల దించుకుంటున్నారు చూడండి, అదే మాకు బాధ. ఆ తల ఎందుకు దిగాలి? నాట్లప్పుడు అమ్మతో పొలానికి పోయినోడు, సెలవుల్లో మిల్లులో బస్తాలు కుట్టినోడు, హాస్టల్లో నీళ్లచారు తాగి ఒక్క బల్బు కింద ఇరవై మందితో కలిసి చదివినోడు తెచ్చుకున్న నలభై ఏడు, ట్యూషన్లు పెట్టించుకొని ఏసీ గదిలో చదివినోడి తొంభై ఒకే తక్కెడలో తూగుతాయా? ఏకలవ్యుడి బొటనవేలు కోయించి, ఆ తర్వాత వీడికి విలువిద్య రాదని సర్టిఫికెట్ రాసిచ్చినట్టుంది ఈ వ్యవహారం.

1990లో మండల్ సిఫారసులు అమలు చేస్తామనగానే అగ్రకుల విద్యార్థులు నడిబజార్లో బూట్లు పాలిష్ చేసి, రోడ్లు ఊడ్చి, ప్రతిభ చచ్చిపోయిందని గోల చేశారు. మన తాతముత్తాతలు బతుకంతా చేసిన పని వాళ్లకు ఒక్కరోజు నిరసన నాటకం. ఆ ప్రతిభ కొలబద్దనే ఇవాళ మన పిల్లలు తమను తాము కొలుచుకోవడానికి వాడుతున్నారు. శత్రువు కాంటా మీద మనల్ని మనమే తూచుకుంటే ఎప్పుడూ తరుగే వస్తుంది.

బాబాసాహెబ్ అంబేడ్కర్ మెట్రిక్ మార్కులెన్నో ఎంతమందికి తెలుసు? 1907లో బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ హైస్కూలు నుంచి పాసయ్యాడు. 750కి 282. అంటే ముప్పై ఎనిమిది శాతం కూడా లేదు. అప్పుడు ఆయన వాళ్లు ఇంతేనా అని మూతి విరవలేదు. సభ పెట్టి సన్మానించారు. ఆ సభలోనే కేలూస్కర్ తాను రాసిన బుద్ధుడి చరిత్ర ఆ కుర్రాడి చేతిలో పెట్టాడు. తర్వాత బరోడా మహారాజు సాయం అందింది. 1913లో కొలంబియా యూనివర్సిటీ. ఆ వెనుక లండన్. 1923లో రూపాయి సమస్య మీద చేసిన పరిశోధనకు డాక్టరేట్. రూపాయి లెక్క మనకెందుకు అని ఆయన అనుకోలేదు. 282 మార్కులోడు దేశానికి రూపాయి లెక్క చెప్పాడు. ఆ మార్కులకే తలుపు మూసి ఉంటే మనం ఎక్కడుండేవాళ్లం?

కాబట్టి తమ్ముడూ, చెల్లే, ముందు తలుపులెక్కడున్నాయో చూడు.

మొదటిది ఐసెట్. 2025లో దాన్ని నల్లగొండలోని మన మహాత్మాగాంధీ యూనివర్సిటీయే నిర్వహించింది. డిగ్రీలో మిగతావాళ్లకు 50 శాతం కావాలి, మనకు 45 చాలు. నీ నలభై ఏడుతో నిక్షేపంగా రాయొచ్చు. ఇతరులు ర్యాంకు రావాలంటే పరీక్షలో 25 శాతం తెచ్చుకోవాలి, ఎస్సీ, ఎస్టీలకు ఆ కనీస మార్కుల షరతు లేదు. 200 ప్రశ్నలు, 200 మార్కులు, రెండున్నర గంటలు. తప్పు రాస్తే మార్కులు కొయ్యరు, కనుక ఒక్క ప్రశ్న కూడా వదలొద్దు. అందులో 150 మార్కుల ప్రశ్నలు తెలుగులో కూడా ఉంటాయి. ఇంగ్లీషు ఒక్కదాంట్లోనే ఉండేది 50 మార్కులకు. తెలుగు మీడియం అని భయపడి దరఖాస్తే పెట్టని పిల్లలు ఈ లెక్క తెలియక నష్టపోతున్నారు.

రెండోది క్యాట్, ఐఐఎంల తలుపు. అక్కడా డిగ్రీలో మనకు 45 శాతమే. దరఖాస్తు ఫీజు సగమే. సీట్లలో ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు ఏడున్నర శాతం. సీటొస్తే ఫీజుకు భయపడాల్సిన పని లేదు. ఎస్సీ కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపుంటే కేంద్రం ఇచ్చే టాప్ క్లాస్ స్కాలర్‌షిప్‌కు అర్హత ఉంది. కాకపోతే ఒక్కో సంస్థకు ఇన్నేనని లెక్క ఉంటుంది, అందుకని చేరిన రోజే అడగాలి. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. ఐఐఎంలు పరీక్ష మార్కులతో ఆగవు. పది, ఇంటర్, డిగ్రీ మార్కులకూ పాయింట్లు వేస్తాయి. కొన్ని ఎక్కువ, కొన్ని తక్కువ. ఎవరి తూకం ఎట్లుందో ముందే చదువుకొని, పాత మార్కులకు తక్కువ విలువ కట్టే చోట తప్పకుండా దరఖాస్తు పెట్టు.

ఇంటర్వ్యూలో పాత మార్కుల గురించి అడుగుతారు. అబద్ధం ఆడొద్దు, బతిమాలొద్దు, సాకులు చెప్పొద్దు. లెక్క చెప్పు. ఏ ఏడు ఏ పని చేస్తూ చదివావో, తప్పిన సబ్జెక్టు మళ్లీ ఎట్లా పాసయ్యావో చెప్పు. హాస్టల్ మెస్ లెక్కలు రాశావా? కిరాయి ఆటో నడిపి ఫైనాన్సు కిస్తీలు కట్టావా? అమ్మ పొదుపు సంఘం పుస్తకం నువ్వే చూశావా? వాళ్లు మేనేజ్‌మెంట్ అని నేర్పేది ఆ పనే. నువ్వు పుస్తకం లేకుండా చేశావు.

ఇక మోసాల సంగతి. మార్కులు తక్కువున్న పిల్లవాడే బ్రోకరుకు మెత్తటి ముద్ద. "నీకు ర్యాంకుతో పనిలేదు, సీటు నేనిప్పిస్తా" అని సంతకాలు పెట్టించుకుంటారు. తర్వాత తెలుస్తుంది, అది మేనేజ్‌మెంట్ కోటా సీటని. దానికి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. స్పాట్ అడ్మిషన్‌కూ రాదు. కన్వీనర్ కోటాలో కౌన్సెలింగ్ ద్వారానే చేరాలి. కాలేజీకి ముందు ఒక్కసారి పోయి, పాఠాలు చెప్పేవాళ్లున్నారా, బోర్డొక్కటే ఉందా, కళ్లతో చూసి రావాలి. ఆదాయం, కులం సర్టిఫికెట్లు ముందే తీసిపెట్టుకోవాలి. 2025 ఏప్రిల్ 14 నుంచి మన రాష్ట్రంలో ఎస్సీలు మూడు గ్రూపులయ్యారు కనుక గ్రూపు సరిగా పడిందో లేదో చూసుకోవాలి.

అన్నీ సరిగ్గా చేసినా ఒక దెబ్బ మిగిలే ఉంది. సర్కారు ఫీజు బాకీ పెడుతుంది. కాలేజీ మన పిల్లవాడి సర్టిఫికెట్లు బీరువాలో పెట్టి తాళమేస్తుంది. బాకీల కోసం 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీల యాజమాన్యాలు రాష్ట్రమంతా బంద్ చేశాయి. వాళ్లకు బంద్ చేసే బలముంది. చదువు అయిపోయి, చేతిలో కాగితం లేక, ఉద్యోగం తలుపు దగ్గర నిలబడ్డ పిల్లకు ఏ బలముంది? సర్కారుకూ కాలేజీకీ మధ్య లెక్క తేలకపోతే తాకట్టు మన బిడ్డ బతుకా?

అందుకే ఇది ఒక్కొక్కడు ఒంటరిగా మోసే బస్తా కాదు. సంఘం కార్యకర్తలకు మా మాట ఇది. మన మూడు పట్టణాల్లోనూ అంబేడ్కర్ భవనంలోనో, కమ్యూనిటీ హాల్లోనో ఐసెట్‌కు మూడు నెలల ముందు నుంచి రాత్రి బడి పెట్టండి. లెక్కలొచ్చిన టీచరన్నల్ని పట్టుకురండి. దరఖాస్తుల నెలలో ఒక బల్ల వేసి కూర్చొని ఫారాలు నింపండి. సర్టిఫికెట్లు ఆపిన కాలేజీ గేటు ముందుకు ఆ పిల్లతోపాటు మీరూ పోండి. ఫీజు బాకీలు ఏ ఏటికాయేడు తీర్చాలనీ, పదో తరగతి మార్కుల పాత తూకం మార్చాలనీ సర్కార్లను నిలదీయండి. మొదటి ఏడు సీటొచ్చినోడు రెండో ఏడు ఆ బడిలో పాఠం చెప్పాలి. ఇది షరతు.

ఎంబీఏ చదివిన ప్రతివాడూ మిల్లు ఓనరైపోతాడని మేము చెప్పడం లేదు. చదువు ఒక్కటే కులాన్ని కూలగొడుతుందనీ చెప్పడం లేదు. కానీ కాంటా ముల్లు ఎటు మొగ్గుతుందో చదవడం రానంతకాలం తరుగు పేరుతో మనల్ని దోస్తూనే ఉంటారు. బస్తా మోసిన భుజానికి లెక్క రాసే చెయ్యి కూడా ఉందని చూపించాలి.

తల ఎత్తు తమ్ముడూ. ఫారం నింపు చెల్లే. నీ నలభై ఏడు వెనుక ఎంత చెమట ఉందో మాకు తెలుసు.

జై భీమ్!