కూలోళ్ల వాటా ఏది?

2022 ఖతార్ ఫుట్‌బాల్ ప్రపంచ కప్పులో భారత జట్టు లేదు. భారత కూలోళ్లు ఉన్నారు. ఎనిమిది స్టేడియాల్లో ఏడింటిని కొత్తగా లేపింది వలస చేతులే. యజమాని ఒప్పుకోందే పని మారకూడదు - దాన్నక్కడ కఫాలా అన్నారు. ఉదయగిరి, ఆత్మకూరు మెట్టలో అప్పుకింద ఆసామి గొడ్లకాడ కట్టుబడ్డ మాల మాదిగ బిడ్డకి అది కొత్తా? ఇక్కడ వెట్టిని 1976లో చట్టం రద్దు చేసింది. ఖతార్ సడలించింది 2020లో, కప్పు చేతికొచ్చిన పదేళ్లకి!

ఫిఫా జట్లకి పంచిన సొమ్ము 44 కోట్ల డాలర్లు. నష్టపోయిన కూలీలకీ అంత ఇమ్మని ఆమ్నెస్టీ అడిగితే ఇవ్వలేదు. 2034 కప్పు సౌదీకిచ్చారు. అన్నలారా, అక్కలారా! ఏజెంటు మన వాడకొచ్చేలోపే అడుగుదాం: ఒప్పందం తెలుగులో రాసివ్వాలి. చస్తే పరిహారమెంతో అందులోనే ఉండాలి. ఆట చూద్దాం, లెక్క అడిగి చూద్దాం.

జై భీమ్!