పాత కారుకు ఒక తరగతి కావాలి

కేంద్ర రహదారి రవాణా శాఖ మంత్రి గారికి,

ఇంటి షెడ్డులో 1982 నాటి ప్రీమియర్ పద్మినిని బాగుచేసుకుంటున్న హైదరాబాద్ వాసిని. 2021లో మీ శాఖ 50 ఏళ్లు దాటిన బండ్లను వింటేజ్‌గా గుర్తించి, ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబర్ల వరస ఇచ్చింది. చాలా మంచి పని. నా బండి అక్కడికి చేరాలంటే 2032 దాకా ఆగాలి. తొలి మారుతి 800లు ఇంకా ఆగాలి. అంతవరకూ చట్టం దృష్టిలో ఇవి వట్టి పాత బండ్లు. 20 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు 2025 ఆగస్టు నుంచి రూ.10,000 రుసుము.

రోజూ రోడ్డెక్కే బండికీ, ఎప్పుడో ఆదివారం కదిలే బండికీ ఒకటే లెక్క వేయడం న్యాయం కాదు. నాలాంటి వాళ్ల షెడ్లలో జరిగే పని చూడండి. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, కాలి నల్లబడ్డ పాయింట్లను సన్న గరుకు కాగితంతో రుద్ది, ఫీలర్ గేజ్ పెట్టి సందు సరిచూస్తాం. కార్బురేటర్ విప్పి, జెట్‌లో ఇరుక్కున్న నలుసును గాలి కొట్టి వదిలిస్తాం. కంప్యూటర్ తగిలిస్తే తప్పు చెప్పే బండి కాదిది, చెవి పెట్టి వినాలి. ఈ విద్య తెలిసిన మేస్త్రీలు పెద్దవాళ్లయిపోతున్నారు. వాళ్ల దగ్గర కుర్రాళ్లు నేర్చుకోవాలంటే బండ్లు మిగలాలి కదా! తుక్కుకింద కోసేశాక ఏం మిగులుతుంది?

25 నుంచి 50 ఏళ్ల మధ్య బండ్లకు వేరే తరగతి పెట్టండి. అసలు ఇంజన్, అసలు బాడీ ఉండాలనండి. తిరిగే దూరానికి హద్దు పెట్టండి. పొగ పరీక్ష మానం. రుసుము మాత్రం తగ్గించండి.

భవదీయుడు,
ఒక పద్మిని యజమాని