ఒక్క పాసుపుస్తకానికి ఎన్ని జిరాక్సులు?

పోయిన వారం ఓ మండల కేంద్రంలో జిరాక్సు షాపు ముందు కాసేపు నిలబడ్డాను. ఎకరన్నర రైతు ఒకాయన పాలిథిన్ సంచిలోంచి పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం తీశాడు. ఒక్కోదానికి మూడేసి కాపీలు తీయించాడు. "పోయినేడు కూడా ఇవే ఇచ్చాను గదా సారూ, మళ్లీ దేనికి?" అని అడిగితే, "అవి ఎక్కడున్నాయో ఎవరు వెతుకుతారయ్యా, మళ్లీ పట్టుకురా" అన్నారట ఆఫీసులో. ఆ రోజు చేను పని ఆగిపోయింది. బస్సు చార్జీ, జిరాక్సుల ఖర్చు సరేసరి.

ఇది డబ్బు సంగతే కాదు, చెట్టు సంగతి కూడా. బోడిగుండుకూ మోకాలికీ ముడిపెడుతున్నానని అనుకోవద్దు. లెక్క చూడండి. జిరాక్సు కాగితం ఒక్కోటి సుమారు 5 గ్రాముల బరువు. రైతుకు ఏడాదికి 20 కాగితాలు అనుకుందాం. 500 మంది రైతులున్న ఊరికి 10 వేల కాగితాలు, అంటే 50 కిలోలకు అటూ ఇటూ. కిలో తెల్లకాగితం తయారవ్వాలంటే రెండు కిలోలకు పైగా ఎండుకర్ర కావాలి. అంటే ఒక్క ఊరి జిరాక్సులకే సుమారు క్వింటాలు కర్ర! మిల్లులో ఖర్చయ్యే నీళ్లు, కరెంటు దీనికి అదనం. జిల్లాలో ఎన్ని ఊళ్లున్నాయో మీరే గుణించుకోండి.

ఆ కర్ర ఎక్కడిది? ఒకప్పుడు అడవి వెదురు మిల్లులకు పోయేది. పరిశ్రమలు అడవి మీద ఆధారపడకుండా, తమకు కావాల్సిన కర్రను రైతులతో పెంచించుకోవాలని 1988 జాతీయ అటవీ విధానం చెప్పింది. ఖమ్మం, కృష్ణా, ప్రకాశం ప్రాంతాల్లో సుబాబుల్, జామాయిల్ తోటలు మిల్లుల కోసం పెంచుతున్నవే.

"మరి కాగితం వాడకం తగ్గితే మా కర్రకు గిరాకీ పడిపోదా?" అని సుబాబుల్ రైతు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. పిల్లల పుస్తకాలకు, సరుకుల అట్టపెట్టెలకు కాగితం కావాల్సిందే. వాటిని మానుకోమని ఎవరూ అనరు. కానీ మూడు నాలుగేళ్లు కనిపెట్టుకుని పెంచిన కర్ర చివరికి ఆఫీసు మూలన చెదలకు మేతయితే ఎవరికి లాభం? గిట్టుబాటు ధర కోసం గట్టిగా అడుగుదాం. అంతేగానీ వృథాను నమ్ముకుని సేద్యం చేయలేం.

ముందు మారాల్సింది ఆఫీసులే. భూమి రికార్డులు కంప్యూటర్లోకి ఎక్కాయి. తెలంగాణలో భూభారతి ఉంది, ఆంధ్రలో మీభూమి ఉంది. కంప్యూటర్లో కనపడేదాన్ని రైతును కాగితం మీద తెమ్మనడం ఎందుకు? ఒకసారి ఇచ్చిన కాపీ ఇంకో పథకానికి ఎందుకు పనికిరాదు? ఈ మాట గ్రామసభలో మనమే లేవనెత్తాలి.

మన వంతూ ఉంది. ఏ కాగితాలు కావాలో ముందే కనుక్కుని అన్నే తీయించండి. ఆధార్ ముందూ వెనకా ఒకే కాగితం మీద వచ్చేట్టు తీయమనండి. కాపీలను ఫోన్లో ఫొటో తీసి ఉంచుకోండి. పిల్లల పాత నోటు పుస్తకాల్లో మిగిలిన తెల్లకాగితాలు కుట్టుకుంటే ఏడాది సాగు ఖర్చుల లెక్కకు సరిపోతాయి. పాత పేపరు తడిపి 100 గింజలు పరిచి చుట్టిపెడితే మొలక శాతం తెలుస్తుంది. మిగతావి పొయ్యిలో పెట్టకుండా, తడవనీయకుండా పాతపేపర్ల వాళ్లకు అమ్మండి. అవి మళ్లీ కాగితమో అట్టో అవుతాయి.

ఒక్క హెచ్చరిక. విత్తనాల బిల్లు, లాట్ నంబరున్న ఖాళీ సంచి, పురుగుమందు రసీదు మాత్రం పంట చేతికొచ్చేదాకా పారేయవద్దు. విత్తనం మోసం చేస్తే నష్టపరిహారానికి అవే సాక్ష్యం. మానుకోవాల్సింది పనికిరాని కాగితాన్నే, పనికొచ్చేదాన్ని కాదు.

ఈసారి ఆఫీసులో కాపీలు అడిగితే, "సారూ, ఇది ఇదివరకే ఇచ్చాం, మీ దగ్గరే ఉంది, చూడండి" అని నెమ్మదిగానే చెప్పండి. ఒక్కరు అడిగితే విసుక్కుంటారు. ఊరంతా అడిగితే బీరువా తెరుస్తారు.