గర్జన కూడా గానమే

మొన్న తరగతి ముగిసినాక వరండాలో ఒక కుర్రవాడు చెవుల్లో తీగలు దూర్చుకుని తలాడిస్తున్నాడు. "ఏమప్పా అది? మాకూ వినిపించరాదూ?" అన్నాను. వినిపించాడు. పాట కాదది, బావిలో పడ్డ ఎద్దు రంకె! "దీన్ని కూడా పాటంటారా?" అని నవ్వాను. వాడు నవ్వలేదు. "సార్, వీధినాటకంలో హిరణ్యకశిపుడు అరిస్తే రౌద్రరసమని మీరే చెబుతారు గదా!" అన్నాడు.

పాఠం చెప్పేవాడికే పాఠం! ఇంటికి పోయి ఆ గొంతు ఎవరిదో వెదికాను.

ఆయన పేరు ఛక్ షుల్డినర్. 1967లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టి, ఫ్లారిడాలో పెరిగాడు. తొమ్మిదో ఏట అన్న కారు ప్రమాదంలో పోయాడు. దుఃఖం మరపించడానికి తల్లిదండ్రులు గిటారు కొనిపెట్టారు. 1984లో తన బృందానికి ఆయన పెట్టుకున్న పేరు 'డెత్', అంటే మృత్యువు. రాసేదీ, వాయించేదీ, గర్జించేదీ ఆయనే. ఈ గర్జన వట్టి అరుపు కాదు. స్వరతంత్రులకు పైనుండే మడతలను కూడా ఊపిరి బిగువుతో కంపింపజేయాలి. సాధన లేకుండా అరిస్తే గొంతు పోతుంది.

1987 నాటి తొలి ఆల్బం నిండా పీనుగులూ నెత్తురూ. అది కుర్రతనం. 1988లో, యంత్రాల మీద ఊపిరి నిలిపిన రోగి మొర పాటయింది. 1990 నాటికి దొంగ బోధకులూ, మత్తుమందుకు బానిసైన తల్లి కడుపున పుట్టిన పసికందూ పాటకు వస్తువులయ్యారు.

1999లో ఆయన మెదడులో కణితి బయటపడింది. వైద్యం ఖర్చులు కుటుంబాన్ని కుంగదీశాయి. అభిమానులూ, తోటి వాద్యగాళ్లూ కచేరీలు పెట్టి డబ్బు పోగుచేశారు. 2001 డిసెంబరు 13న, ముప్పైనాలుగేళ్లకే పోయాడు. మృత్యువు పేరు పెట్టుకున్నవాడు చివరిదాకా బతకడానికే పోరాడాడు.

ఈ బాణీ మన దాకా రాకపోలేదు. హైదరాబాదు బృందం 'గాడ్‌లెస్' 2021లో 'స్టేట్స్ ఆఫ్ కేయాస్' అనే ఆల్బం వెలువరించింది.

భరతుడు చెప్పిన ఎనిమిది రసాల్లో రౌద్ర, భయానక, బీభత్సాలూ ఉన్నాయి. మనం మాత్రం శృంగారాన్నీ హాస్యాన్నీ ఇంట్లో కూర్చోబెట్టి, ఈ మూడింటినీ వాకిట్లో నిలబెడతాం. అహోబిలం పోయి ఉగ్రనరసింహుడికి మొక్కి వస్తాం. పిల్లవాడు గర్జన వింటే మాత్రం చెడిపోయాడంటాం.

ఆ సంగీతం నాకు నచ్చిందా అంటే, లేదు. కాని నిన్న ఆ కుర్రవాణ్ణి పిలిచి, ఆ రోగి పాటకు అర్థం చెప్పమన్నాను. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయాడు. పోయినేడు వాళ్ల నాయన నెల్లాళ్లు ఆస్పత్రిలో అట్లాగే ఉండి పోయాడట. రెండేళ్లుగా నా ఎదుటి బల్లమీదే కూర్చుంటున్నాడు, నాకీ సంగతి తెలియదు.

మీ ఇంట్లోనూ ఇట్లాంటి రంకెలు వినిపిస్తుంటే, "కట్టెయ్యరా!" అనేముందు ఒక్కసారి అర్థమడిగి చూడండి.